తెల్లబడిన సీరం

నెత్తురు గొట్టాలను తిప్పే యంత్రం ఆగేముందు సన్నగా మూలుగుతుంది. ఎమ్మిగనూరులో నేను పనిచేసే ల్యాబులో ఆ చప్పుడు రోజంతా వింటూనే ఉంటాను. మూత తీసి, గొట్టాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి చూడనిదే నా చెయ్యి ముందుకు కదలదు. ఎరుపు అడుగుకు దిగి, పైన సీరం లేత పసుపుగా, తేటగా ఉంటే ఊపిరి పీల్చుకుంటాను. మొన్న మంగళవారం అది పాలలాగా తెల్లగా ఉంది. మస్తాన్ సార్ గుర్తొచ్చారు. ఆయన గుర్తుకు రాని రోజంటూ లేదనుకోండి.

ఆదోనిలో నా మొదటి ఉద్యోగంలో ఆయన పెద్ద టెక్నీషియన్. నెరిసిన గడ్డం, కటువైన మాట. వచ్చిన ప్రతివాణ్ణీ "ఏం తిన్నావప్పా? ఎప్పుడు తిన్నావు?" అని అడిగి, కొర్రన్నం దగ్గర నుంచి బజ్జీల దాకా చెప్పిందంతా ఓపిగ్గా వినేవారు. "సార్, మనది ల్యాబా, హోటలా?" అని ఏడిపించేదాన్ని. "నవ్వు నవ్వు. మిషన్ సెప్పిందే నువ్వూ సెప్పేటట్టయితే నీకు జీతమెందుకమ్మా?" అనేవారు. సీరం తెల్లగా వస్తే కొవ్వు అడ్డుపడి యంత్రం తప్పు చూపిస్తుందని, సెలైన్ కలిపి పలచన చేసి మళ్లీ చూడాలని నేర్పింది ఆయనే. నేర్చుకున్నాననే అనుకున్నాను.

పత్తి తీసే రోజులు. శుక్రవారం మధ్యాహ్నం సార్ నమాజుకు వెళ్లారు. పెద్దకడుబూరు వైపు నుంచి ఉరుకుందు అనే రైతు, పొట్ట పట్టుకుని వంగిపోయి వచ్చాడు. భార్య హనుమక్క అతని రెక్క పట్టుకుని ఉంది. పనుల తొందరలో షుగరు మాత్రలు మానేశాడట. నెత్తురు తిప్పి చూస్తే సీరం తెల్లగా ఉంది. బాగా తిని వచ్చాడనుకున్నాను.

"ఏమీ తినలేదక్కా. నిన్నటి నుంచి నీళ్లు గుడ నిలవలే, అన్నీ కక్కుతాండాడు" అంది హనుమక్క.

అందరూ ఇట్లాగే అంటారులే అనుకున్నాను. క్లోమం వాచిందేమో చూడమని డాక్టరు రాసిన పరీక్ష యంత్రంలో మామూలుగా వచ్చింది. పలచన చేసి మళ్లీ చూడలేదు. బాగానే ఉందని రాసిచ్చి, కొవ్వు పరీక్షకు రేపు పరగడుపున రమ్మన్నాను. మిగిలిన సీరం సింకులో పారబోశాను.

సార్ తిరిగొచ్చి సింకులో అంటుకున్న తెలుపు చూశారు. "యాడమ్మా ఆ మనిషి? పంపిచ్చినావా?" అన్నారు. పంపేశానని, నిన్నటి నుంచి ఏమీ తినలేదని భార్య అన్నదని చెప్పాను. "నెత్తురు యాడన్నా ఇంత తెల్లగ ఉంటాదా? తినకుండానే ఇట్లుందంటే క్లోమం కాలిపోతాంది వానికి!" అంటూనే స్కూటరు తీశారు. బస్టాండులో వాళ్ల బస్సు వెళ్లిపోయింది. నేను ఫోను నంబరు కూడా రాసుకోలేదు. ఆయన ఒక్కరే ఊరూరా అడుగుతూ పొద్దుగూకే వేళకు ఆ ఇల్లు పట్టుకున్నారు. అప్పటికే ఉరుకుందుకు ఆయాసం మొదలైంది. కర్నూలు తీసుకుపోయారు. నోటికి ఏమీ ఇవ్వకుండా, సెలైన్లు ఎక్కించి, కొవ్వు దిగడానికి ఇన్సులిన్ డ్రిప్పు పెట్టారట. కొవ్వు దిగింది. మూత్రపిండాలు మాత్రం అప్పటికే పాడయ్యాయి. నాలుగో రోజు పోయాడు.

సార్ వచ్చి నా ముందు కూర్చున్నారు. "పారబోసిందీ, నీతో అట్ల రాయించిందీ నేనేనని వాని భార్యకు సెప్పినాను. ఓనరుకూ అదే సెప్పినాను. నేను ఇంకెన్నాళ్లు సేస్తానులే. నీకు శానా ముందుంది."

వద్దు సార్ అనాలి. అనలేదు. ఆయన్ను పనిలోంచి తీసేశారు. తర్వాత బావమరిది బట్టల కొట్లో కూర్చునేవారు. నేను ఆ వీధి మానేసి చుట్టూ తిరిగి పోయేదాన్ని. ఆయన చనిపోయినప్పుడు ఇంటికి వెళ్లాను. ఆయన భార్యకు కూడా నిజం చెప్పలేకపోయాను. ఆయన నన్ను కాపాడినందుకు ఒక్కోసారి ఆయన మీదే కోపం వస్తుంది. అది ఎంత నీచమో నాకు తెలుసు.

మంగళవారం ఆ తెల్లటి గొట్టం నందవరంలో కాపురముంటున్న ఒక యువతిది. నిన్నటి నుంచి ఏమీ తినలేదంటే నమ్మాను. పలచన చేసి చూసి, నేనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. డ్రిప్పు పెట్టి కర్నూలుకు అంబులెన్సు పిలిచారు. వాళ్లింట్లో ఎవరికైనా ఇట్లా అయిందా అని అడిగితే పక్కనున్న తల్లి తలెత్తింది. హనుమక్క. నా ముఖానికి మాస్కు ఉంది.

"వీళ్ల నాయనకూ ఇదే మేడమ్. ఆదోనిలో ఒక ముసలి సాయిబు నెత్తురు పారబోసి ఇంటికి పంపినాడు. సచ్చినాడో బతికినాడో గాని, వానికి మంచి జరగదు." నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "ఆ పొద్దు నీ అట్లా మనిషి ఉండింటే నా మొగుడు బతికుండునమ్మా."

అంబులెన్సు వచ్చింది. ఆమె ఎక్కేదాకా నేను మాస్కు తియ్యలేదు. కూతురి సంగతి ఇంకా ఏమీ తెలియలేదు. ఈసారి ఫోను నంబరు రాసుకున్నాను. రోజూ తీసి చూస్తాను, చెయ్యను.