నెకేసా పాడిన ఆదివారం

నెకేసా నోటికి జడవని డాక్టరు గురుగ్రామ్‌లో లేడు. కెన్యా నుంచి ఆపరేషన్లకు వచ్చే రోగులకు ఆమె దుబాసీ. డాక్టరు గబగబా నాలుగు ముక్కలు చెప్పి లేవబోతే, "ఆగండి సార్, పేషెంటుకి అర్థం కాలేదు" అని మళ్లీ మొదటినుంచీ చెప్పిస్తుంది. ఆ పక్కనే ద్వారకలో మా ఫ్లాట్‌లోనే ఒక గదిలో అద్దెకుంటుంది. ఆఫ్రికా మనిషికి గదెందుకిచ్చావని సొసైటీ ఆంటీలు నన్ను నిలదీశారు. నా ఇల్లు, నా ఇష్టం అన్నాను. ఆమె మొక్కజొన్న పిండితో సంకటి కెలికితే, నేను గోంగూర నూరుతాను.

ప్రతి ఆదివారం ఇద్దరం సదాశివరావుగారింటికి ప్రార్థనకు వెళ్తాం. ఆయన కేంద్ర ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. క్వేకరు. క్వేకర్లు ఇంగ్లండులో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ. అక్కడ పాస్టరు ఉండడు, ప్రసంగం ఉండదు. పదిమందిమి గంటసేపు మౌనంగా కూర్చుంటాం. లోపలి నుంచి ప్రేరణ కలిగినవాళ్లు లేచి నాలుగు మాటలు చెప్పొచ్చు. చివర్లో సదాశివరావుగారు పక్కవాళ్లకు చెయ్యి కలిపితే ప్రార్థన ముగిసినట్టు.

మొన్న మే నెలలో నెకేసా తల్లి పోయింది. ఇక్కడ ఐసీయూలో ఉన్న ఒక కెన్యా పిల్లకు తోడొచ్చిన తల్లికి ఈమె తప్ప వేరే నోరు లేదు. అందుకని నెకేసా అంత్యక్రియలకు ఊరు వెళ్లలేకపోయింది. వారం రోజులు సరిగ్గా తినలేదు.

"మా ఊళ్లో పాడకుండా ఎవర్నీ సాగనంపం దీదీ. ఆదివారం నేను పాడతాను" అంది నాతో.

ముందుగా అందర్నీ అడిగింది. క్వేకర్లలో ఓట్లుండవు, అందరి మనసూ ఒక్కటైతేనే నిర్ణయం. సదాశివరావుగారొక్కరే ఒప్పుకోలేదు. దాంతో ఆగిపోయింది.

"మన పద్ధతి మౌనం అమ్మా. పాటలూ డప్పులూ మీ ఊరి ఆచారం. అవి ఇక్కడికి తేకూడదు" అన్నారాయన.

"మౌనం ఇంగ్లండు వాళ్ల ఆచారం అంకుల్. దాన్ని మీరు తెచ్చుకున్నారుగా. మా అమ్మమ్మ కూడా క్వేకరే. మా దేశంలో ఉన్నంతమంది క్వేకర్లు ఇంకెక్కడా లేరు. వాళ్లందరూ పాడతారు" అంది నెకేసా.

ఆయన తల అడ్డంగా ఊపారు. నాకు ఒళ్లు మండింది. మాట్లాడితే దైవప్రేరణట, పాడితే గోలట.

ఆదివారం కూర్చుని పావుగంటయినా కాలేదు, నెకేసా లేచి నిలబడింది. కళ్లు మూసుకుని వాళ్ల భాషలో ఎత్తుకుంది. తల్లి పేరొక్కటే నాకు తెలిసింది. గొంతు ఒకచోట జీరబోయింది, అయినా ఆపలేదు. కళ్లనీళ్లు తుడుచుకుంటూనే నేను సదాశివరావుగారి వైపు చూశాను.

ఆయన లేచారు. పక్కన కూర్చున్న నా ముందుకు చెయ్యి చాపారు. ప్రార్థన అయిపోయిందని దానర్థం.

నేను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను.

"ఉమారాణిగారూ, చెయ్యివ్వండి" అన్నారు నెమ్మదిగా.

"పాట అవలేదండీ."

ఆయన అటుపక్కనున్న అనసూయగారి వైపు తిరిగారు. ఆవిడ చేతులు కట్టుకుంది. తర్వాత ఆవిడ పక్కనున్న కిరీటి కూడా. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

నెకేసా కళ్లు తెరిచింది. ఆ చేతిని చూసింది, మమ్మల్ని చూసింది. రెండో చరణం ఇంకాస్త పెద్దగా అందుకుంది.