కంప్యూటరు గదిలో చిన్న రసాలు

ఎనభైల మధ్యలో నూజివీడులో నేను లెక్కల టీచర్ని. మా బడికి ఒకే ఒక్క కంప్యూటరు వచ్చింది. దానికి సొంత తెర లేదు, టీవీకి తగిలించాలి. బెజవాడలో పది రోజులు ట్రైనింగు చేసొచ్చిన పాపానికి నన్ను దానికి కాపలా పెట్టారు. చెప్పులు విడవకుండా ఎవరు లోపల అడుగుపెట్టినా ఊరుకునేదాన్ని కాదు. గచ్చు తుడిచే ఆయమ్మ మీద కూడా అరిచేదాన్ని. పాపం, ఆవిడ అసలు చెప్పులే వేసుకోదు.

వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన రోజు స్విచ్చి వేస్తే, తెర మీద అక్షరాలు వణికి, పక్కకి సాగి, మాయమయ్యాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. టీవీకి ఏంటెనా తగిలిస్తే బొమ్మ శుభ్రంగా వచ్చింది. వైరు మార్చాను, అయినా అంతే. అంటే రోగం కంప్యూటరులోనే ఉంది. హెడ్మాస్టరు గారు తలుపు దగ్గర నిలబడి, "ఎవరు చెడగొట్టారో సాయంత్రానికల్లా తేలాలి టీచరుగారూ. ఆయమ్మ పనైతే మాత్రం రేపట్నించి రావక్కర్లేదు" అన్నారు. భర్త పోయిన మనిషి, ఆ జీతంతోనే ఆవిడ ఇల్లు నడుస్తోంది.

ఆయన వెళ్లాక మూత విప్పాను. లోపలంతా చీమలు! చిప్పుల కింద గుడ్లు కూడా పెట్టాయి. ఓ మూల గడ్డిపరక.

పక్కనే టార్చి పట్టుకుని నిలబడ్డ ఆయమ్మ వంగి, ఆ గడ్డిపరకను వేళ్లతో బయటికి తీసింది.

"మీకోసమేనండీ. ఇంటికాడైతే ఎలకలు ఒక్క కాయ కూడా మిగల్చవండీ. ఈ గదికి తాళం ఉంది, తుడవడానికిచ్చిన చెవి నా కాడే ఉంది కదా అని, బల్లకింద గడ్డేసి మాగేశానండీ."

మే నెలాఖర్లో ఆవిడ మా ఇంటికి తెచ్చిన బుట్టెడు చిన్న రసాలు గుర్తొచ్చాయి. ఎంత సమంగా మాగాయో అని మెచ్చుకుంటూ, టెంకలు కూడా వదలకుండా జుర్రింది నేనే. కోపం రావాల్సిన చోట నాకు ఏడుపొచ్చింది.

చీమల్ని కుంచెతో దులిపాను. చిప్పులు ఒక్కొక్కటే ఊడదీసి, నల్లబడ్డ కాళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్ది, మళ్లీ నొక్కాను. ఈసారి అక్షరాలు వచ్చి కదలకుండా నిలబడ్డాయి. ఆవిడ పేరు టైపు కొట్టి, "ఇది నువ్వే ఆయమ్మా" అన్నాను. కొంగుతో చెయ్యి తుడుచుకుంది గాని, తెరను ముట్టుకోలేదు.

"చీమలెలా పట్టాయండీ?" అని, సాయంత్రం నేను సంగతి చెప్పగానే హెడ్మాస్టరు గారు అడిగారు.

"మామిడిపండ్లు తిన్నానండీ" అన్నాను. అబద్ధం కాదుగా!

"చదువుకున్నవారు, మీరేంటండీ ఇలాగ!" అని స్టాఫందరి ముందూ చీవాట్లు పెట్టారు. తల దించుకుని విన్నాను. గుమ్మం అవతల ఆయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

మరుసటి వేసవిలోనూ బుట్ట వచ్చింది. పండ్లు ఒక పక్క పుల్లగా, ఒక పక్క మెత్తగా ఉన్నాయి. కొన్నింటి మీద ఎలక పళ్ల గాట్లు. ఎక్కడ మాగేశావని అడగలేదు. గాట్లున్న మేర కోసి పారేసి, మిగతాదంతా ఆవిడ చూస్తుండగానే తిన్నాను.