హెన్రీ తాత మొదటి చేప

నా కోతలకు అలవాటుపడ్డ వాళ్లకు ముందే చెబుతున్నాను: మా అమ్మ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం.

ఇప్పుడు నేనుండే ఫ్రిస్కోలో ఇండియన్ షాపుకి వెళ్లి ఐసు మీద పరిచిన చేపల వాసన తగిలితే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. ఎనభైలలో, విస్కాన్సిన్ ఉత్తరాన మేమున్న చిన్న ఊళ్లో, ఏప్రిల్‌లో సరస్సు మీద గడ్డకట్టిన నీరు ఫెళఫెళ విరిగి, తడిసిన పైన్ ఆకుల వాసన ఇంట్లోకి వచ్చే రోజుల్లో, హెన్రీ తాత ఎనామిల్ బేసిన్‌లో వాలై అనే ఆ సరస్సు చేపను పెట్టుకుని మా వెనక గుమ్మంలో నిలబడేవాడు. ఆయన ఒజిబ్వే అనే అక్కడి ఆదివాసీ తెగ మనిషి, ఆ ఊరి డాక్టరైన మా నాన్న పేషెంటు. ఏడాదిలో మొదటి చేపను పట్టినవాడు తినకూడదు, ఇచ్చెయ్యాలి, అది వాళ్లింటి ఆచారం. చేప నా అంత పొడుగుండేది. ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదని మా అమ్మ ఆచారం కనుక, ఆ చేప పులుసే బేసిన్ నిండా పోసి పంపేది. ఆయన తినడానికి లేదాయె, ఇరుగుపొరుగుకు పంచేవాడు. అలా వాళ్ల వీధంతా చింతపండుకు మరిగింది.

భూములు అమెరికాకు వదులుకున్ననాడే, అక్కడ చేపలు పట్టే హక్కు మాత్రం తమదేనని వాళ్ల పెద్దలు ఒప్పందంలో రాయించుకున్నారు. అది ఇంకా చెల్లుతుందని ఆ రోజుల్లోనే కోర్టు చెప్పింది. అంతే, అప్పటిదాకా చర్చిలో మా పక్కన కూర్చుని పాటలు పాడిన పెద్దమనుషులు, బల్లేలతో పడవెక్కే ముసలివాళ్ల మీద రాళ్లు విసరడానికి రేవు దగ్గర చేరారు. ఒకరి ఊరు మింగి కూర్చుని, మిగిలిన చేప కోసం రాళ్లు!

"డాక్టర్, నువ్వొచ్చి నా పక్కన నిలబడు. వాళ్లంతా నీ పేషెంట్లే, నిన్ను చూస్తే చెయ్యి లేవదు," అని అడిగాడు హెన్రీ తాత.

"వెళ్తే రేపు క్లినిక్‌కి ఎవరొస్తారే?" అన్నాడు నాన్న అమ్మతో.

"ఆయన పెట్టిన చేప తిన్న నోరండీ మనది!" అంది అమ్మ.

పొద్దుగూకే వేళ ముగ్గురం కార్‌లో వెళ్లాం. నాన్న దిగి, టై సర్దుకుని, తాత పక్కన నిలబడి, రాయెత్తిన వాడినల్లా పేరుపెట్టి పిలిచాడు. "నీ బీపీ ఎంతో గుర్తుందా? అరవకు! నువ్వు, ఆ భుజానికి నేనే కట్టు కట్టాను, దించు చెయ్యి!" రాళ్లన్నీ టపటపా నేలరాలాయి.

ఇక ఒట్టు తీసి గట్టున పెడతాను. చేప మూరెడే. నాన్న కారు దిగలేదు. అద్దం పైకెత్తి, బండి వెనక్కి తిప్పాడు. వెనక సీట్లోంచి నేను చూస్తుండగానే ఒక రాయి తాత నుదుటికి తగిలింది. మర్నాడు నాన్నే కుట్లు వేశాడట.

మళ్లీ ఏప్రిల్‌లో వెనక గుమ్మంలోకి ఎవరూ రాలేదు. ఇప్పుడు తాతా లేడు, నాన్నా లేడు. ఆ ఏడు తాత చేప తెచ్చిన బేసిన్ మాత్రం తిరిగి పంపక మా దగ్గరే ఉండిపోయింది, ఇప్పటికీ ఖాళీగా.