పడవ బ్యాటరీ మీద నిలిచిన నా కొలువు

మా పడవ మామ పోయాడని పోయిన ఆదివారం పొద్దున అత్త ఫోన్ చేసి చెప్పింది. "మిల్లుకాడ చాయ్ తాగుతుండంగనే గుండె పట్టుకొని కూలబడ్డడంట బిడ్డా. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయిండు. గద్వాల నుంచి సక్కగ రేవుకే తోల్కొస్తున్నరు, నువ్వు గూడ ఆడికే రా" అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. నాకూ రాలేదు. నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. ఇక ఆయన ముఖం చూడాల్సిన పని లేదన్న సిగ్గుమాలిన ఊరట. ఆ ఊరట ఎందుకు కలిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ఊరు బీచుపల్లికి ఎగువన, కృష్ణ నడుమ గడ్డ మీద ఉంటుంది. ఊళ్లో అందరికీ అందరూ ఏదో ఒక వరస. ఆ వరసనే ఆయన నాకు మామ. ఊరికీ అవతలి గట్టుకీ మధ్య మరపడవ నడిపేవాడు. ఎరువు బస్తాలు, మేకలు, పెళ్లివాళ్లు, నొప్పులు పడే ఆడవాళ్లు, అందరూ ఆ పడవలోనే ఏరు దాటాలి. మా అమ్మానాన్న ఏటా వలస పనికి పోయేటప్పుడు మూటలతో ఎక్కిందీ ఆ పడవే. నన్ను హాస్టల్లో వేయడానికి మొదటిసారి అవతలికి చేర్చిందీ ఆయనే.

పోయినవాళ్లందరినీ మంచివాళ్లంటాం. మామ నోరు మాత్రం మంచిది కాదు. ఆలస్యంగా వచ్చినవాళ్లను "నీ అయ్య జాగీరా గీ పడవ?" అని దులిపేసేవాడు. ఏరు పొంగితే ఎంతటివాళ్లు బతిమాలినా తాడు విప్పేవాడు కాదు. "నీళ్లకు మొహమాటం లేదు. నాకెందుకుంటది?" అనేవాడు. బీడీ చెవి మీద పెట్టుకుని ఉండేవాడు గానీ, ఆఖరి మనిషి గట్టు మీద కాలు మోపాకే దాన్ని వెలిగించేవాడు.

కరోనా వచ్చిన ఏడు నేను హైదరాబాదులో ఒక కంపెనీలో కొత్తగా చేరాను. ఆస్పత్రుల బిల్లులు సరిచూసి కంప్యూటర్లో ఎక్కించే పని. ల్యాప్‌టాప్ చేతికిచ్చి ఇంటి నుంచి చేసుకోమన్నారు. ఊరు చేరి కొన్నాళ్లు కాకముందే వరదొచ్చింది. ఏరు మీదుగా వచ్చే కరెంటు స్తంభాలు పడిపోయాయి. పడవ తిరిగేంతగా వరద తీసినా కరెంటు రాలేదు. సిగ్నల్ అప్పట్లో ఊళ్లో లేదు. నడి ఏట్లో ఒక బండ దగ్గరికి పోతే అవతలి టవరు అందేది. అంతకుముందు ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకుని, పడవలో అక్కడికి పోయి పని చేసేదాన్ని. ఏరు దాటేటప్పుడు ఫోన్ చేస్తే, ఇంకో రెండు రోజులు చూసి నా పని వేరేవాళ్లకు ఇచ్చేస్తానని మా పైసారు చెప్పాడు. ఆ మాట విని రేవులో కూర్చుని ఏడుస్తుంటే మామ వచ్చి నిలబడ్డాడు.

"ఏమైంది?"

"కరెంటు లేదు మామా. ల్యాప్‌టాప్ బందైంది. కొలువు పోతది."

"పడవల బ్యాటరీ ఉన్నది గద. దానికి తగిలియ్యరాదా?"

"అది పన్నెండు వోల్టులు. దీనికి ఇంట్ల కరెంటు కావాలె."

"మరి లారీలల్ల టీవీలు ఎట్ల నడుస్తున్నయ్?"

మర్నాడు గద్వాల పోయి లారీవాళ్లు పెట్టుకునే చిన్న ఇన్వర్టర్ డబ్బా తెచ్చాడు. లైటుకున్న సన్న వైర్లనే దానికి కలిపి, బండ దగ్గర లంగరేసి ఇంజిను ఆపాడు. ల్యాప్‌టాప్ వెలిగింది. నేను తల దించుకుని పనిలో పడ్డాను. కొంతసేపటికి వైరు కాలిన వాసన వచ్చింది. డబ్బా కుయ్ కుయ్‌మని అరిచి ఆగిపోయింది. ఇంజిను మీట తిప్పితే టక్‌మని ఊరుకుంది. ఉన్న కరెంటంతా నా ల్యాప్‌టాపే తాగేసింది. చుట్టూ ఇంకా పూర్తిగా తీయని వరద నీళ్లు. తెడ్డుతో, గడకర్రతో ఆయన పడవను గట్టుకు చేర్చేసరికి మధ్యాహ్నం దాటింది. రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి. తిడతాడని ముడుచుకుని కూర్చున్నాను.

"తప్పు నాదే. పోయెటందుకు వేరే, తిరిగొచ్చెటందుకు వేరే ఉంచుకోవాలె" అన్నాడు.

తర్వాత ఎవరి ట్రాక్టరుదో పాత బ్యాటరీ ఒకటి తెచ్చాడు. అది నాది. ఇంజినుదాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. మందపాటి వైర్లు వేశాడు, నడుమ ఫ్యూజు పెట్టాడు. పడవ తిరుగుతున్నంతసేపూ రెండూ ఛార్జింగ్ అయ్యేవి. జనాన్ని దించి వచ్చి నన్ను బండ దగ్గరికి తీసుకుపోయేవాడు. డబ్బా కూసిందంటే ఏ పనిలో ఉన్నా మూసేయాలి. అది ఆయన పెట్టిన నియమం. ఒక్కోసారి నా పని నడుస్తుండగానే రేవుకు పోవాల్సొచ్చి జనం ఎక్కేవాళ్లు. "బిడ్డ డ్యూటీల ఉన్నది, నోర్లు ముయ్యుండ్రి" అనేవాడు. మేకలకూ అదే చెప్పేవాడు.

ఒకసారి నా భుజం మీదుగా చూసి అడిగాడు. "గీ బిల్లులల్ల సచ్చిపోయినోళ్లవి గూడ ఉంటయా?"

"ఉంటయి మామా."

"వాళ్లవి జర పైలంగ ఎక్కియ్యి. తప్పువోతే అడిగెటందుకు వాళ్లు రారు."

స్తంభాలు తిరిగి లేచేదాకా నెలల తరబడి అలాగే గడిచింది. నా కొలువు నిలిచింది, జీతం పెరిగింది. నెట్టూ కరెంటూ ఉంటాయని వనపర్తిలో గది తీసుకున్నాను. ఊరికి రావడం తగ్గింది.

కిందటేడు ఎక్కడో పడవ మునిగింది. పడవలన్నింటికీ అనుమతి ఉండాలి, ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టాలి, నెల గడువు అన్నారు. ఆ నియమం తప్పని నేననను. మామ కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని బస్సెక్కి నా గదికొచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. కుర్చీలో కూర్చోమంటే అంచున కూర్చున్నాడు.

"నెట్ సెంటరోడు తప్పులెక్కిస్తడు. నువ్వైతే సక్కగ పెడ్తవ్."

"ఆదివారం చేసేస్త మామా. నువ్వు బేఫికర్‌గ పో."

ఆ ఆదివారం స్నేహితురాలి పెళ్లి. తర్వాతి ఆదివారం పడుకున్నాను. మూడోదానికి ఏం చేశానో గుర్తు కూడా లేదు. ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండోసారి ఎత్తలేదు. చివరికి ల్యాప్‌టాప్ తెరిస్తే గడువు ముందురోజుతో ముగిసింది. గంటసేపు పని. నెలల తరబడి నాకు కరెంటిచ్చిన మనిషికి ఒక్క గంట ఇవ్వలేకపోయాను.

ఫోన్ చేసి "సర్వర్ పని చెయ్యలే మామా, ఎంత తిప్పలు పడ్డా కాలే" అన్నాను.

"సరే తియ్. నువ్వు మాత్రం ఏం జేస్తవ్" అన్నాడు.

రేవు కొత్త కాంట్రాక్టరు లాంచీకి పోయింది. మామ పడవను గట్టు మీదికి లాగించారు. ఏరు తప్ప ఏదీ తెలియని మనిషి గద్వాలలో పత్తి మిల్లుకు వాచ్‌మన్‌గా చేరాడు. ఒకరోజు పని మీద అటు పోయి గేటు దగ్గర ఆయన్ని చూశాను. ఖాకీ చొక్కా భుజాల దగ్గర వదులుగా ఉంది. స్టూలు తెచ్చి నన్ను కూర్చోబెట్టాడు. చాయ్ తెప్పించాడు. నేను సగం తాగాక, లారీలు వచ్చే దారి వైపు చూస్తూ అన్నాడు.

"ఎగువ రేవోళ్లవి అయినయంట బిడ్డా. వాళ్లకు సర్వర్ పని చేసిందంట."

నేను గ్లాసులోకి చూశాను. ఆ నోటికి తిట్టడం కొత్త కాదు. తిట్టి ఉంటే ఏడ్చి కాళ్లు పట్టుకునేదాన్నేమో. ఆయన తిట్టలేదు. "తిని వచ్చినవా?" అని అడిగాడు. బతికుండగా ఆయన్ని చూడడం అదే చివరిసారి. తర్వాత గద్వాల పోవాల్సి వచ్చినప్పుడల్లా మిల్లు దారి తప్పించుకుని పోయాను.

ఆదివారం రేవుకు చేరేసరికి శవం అక్కడే ఉంది. ఊళ్లోనే మట్టి చేయాలి. లాంచీవాడు ఎక్కించుకోనన్నాడు. "శవానికి పర్మిషన్ లేదు. ప్యాసింజర్లు భయపడతరు" అన్నాడు. ఎవరూ గొడవ పడలేదు. చేపలవాళ్లు తమ గుండ్రటి బుట్టపడవ, పుట్టి, తెస్తామని పోయారు.

అత్త నన్ను చూసి చెయ్యి పట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్లతో "మా ఆయన కాయిదాల కోసం గీ పిల్ల శానా తిరిగింది. ఆయన సచ్చేదాంక చెప్పుకున్నడు" అంది. ఆడవాళ్లు నా వైపు జాలిగా చూశారు. ఒకామె నా వీపు నిమిరింది. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. అత్త ఇంకా ఆ చెయ్యి వదల్లేదు. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాశాను. అత్తకు చదవడం రాదు. ఎవరైనా చదివి వినిపిస్తే వినిపించనీ.

పెద్ద పుట్టి అంచుల మీద పాడెను అడ్డంగా పెట్టి కట్టారు. వెనక ఇంకో పుట్టిలో అత్తా నేనూ కూర్చున్నాం. పుట్టి పడవలా నేరుగా పోదు, తిరుగుతూ పోతుంది. ఎండలో, నీళ్ల మీద, మామ తల ఒకసారి ఊరి వైపు వచ్చేది, ఒకసారి గట్టు వైపు. ఊరి రేవు దాకా ఆ పాడె అలా మెల్లగా తిరుగుతూనే పోయింది. ముఖం మా వైపు తిరిగినప్పుడల్లా నేను నీళ్లలోకి చూశాను.