చుక్కలతో గీసిన గోడ

దేశ రాజధానిలో షాపూర్ జాట్ అనే పాత ఊళ్ళో నేను అద్దెకున్న గదికి మూడు గోడలు ఇటుకవి, నాలుగోది రాతిది. మే నెలలో కూడా ఆ రాయి చల్లగానే ఉండేది. కూలర్ అక్కర్లేదని మురిసిపోయాను, నా మొహం.

ఆ రాతి గోడే పక్కనున్న ఓనరు ఆంటీ వంటగదిలోకి సాగేది. ఆవిడ పొద్దున్నే మొదటి రొట్టె కాల్చి గోడలోని గూట్లో పెట్టేది. ఎవరికని అడిగాను.

"లోపలున్నవాళ్ళకి బేటా. కోట కట్టినప్పుడు శత్రువుల తలలు పునాదిలో వేశారట. ఆకలేస్తే తడతారు" అంది, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా.

నేను పగలబడి నవ్వాను. ఆ ఆదివారం ఆంటీ ఊళ్ళో లేదు. పొద్దున పదింటికి నా మంచం తలవైపు రాతిలోంచి టక్, టక్ అని రెండు దెబ్బలు వినిపించాయి. ఎలకలే అనుకున్నాను. అనుకుంటూనే ఆంటీ ఇచ్చివెళ్ళిన తాళంచెవితో తలుపు తీసి, గూట్లో చపాతీ ముక్క పెట్టి వచ్చాను. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, దెబ్బలు ఆగిపోయాయి.

అప్పట్లో నా చదువంతా ఏడొందల ఏళ్ళ కిందటి సిరి కోట పట్టణం గురించే. షాపూర్ జాట్ దాని శిథిలాల మీద లేచిన ఊరే. దాని గోడ ఎటు నుంచి ఎటు పోయిందో పటం గీయాలి. మా రీసెర్చ్ గైడు గుంటూరు వైపు ఆయన. రోమన్ల గోడల పట్టణాల పటాలు ముందు పరిచి పద్ధతి నేర్పారు. కళ్ళతో చూసిన గోడకి నిండు గీత, ఉండి ఉంటుందనుకున్న గోడకి చుక్కలు.

ఊరి మధ్యలో నా గీత తెగిపోయింది. టేపు పట్టుకుని గల్లీలన్నీ తిరిగాను. రెండు వైపులా మిగిలిన ముక్కలు కలిపి చూస్తే గీత సరిగ్గా నా మంచం పక్క నుంచి ఆంటీ వంటగదిలోకి పోయింది. నిండు గీత గీస్తే కోట గోడకి ఆనించి కట్టిన ఇల్లని పురావస్తు శాఖ నోటీసొస్తుంది, కూల్చేస్తారు. ఆంటీకి ఆ ఇల్లు తప్ప ఏం లేదు. నాకు జ్వరమొస్తే పక్కనే కూర్చుని ఖిచిడీ తినిపించిన మనిషి.

చుక్కలు పెట్టాను.

"ఇక్కడేం కనపళ్ళేదా అమ్మా?" అన్నారు గైడు.

"లేదు సార్."

మూడేళ్ళకి ఆంటీ కొడుకు ఆ ఇంటిని బిల్డరుకిచ్చేశాడు. కూల్చేముందు పురావస్తు ఆఫీసువాళ్ళు వచ్చి నా పటమే తిరగేశారట. చుక్కలే కదా, కూల్చుకోండి అని వెళ్ళిపోయారట. సంగతి తెలిసి నేను వెళ్ళేసరికి అక్కడ కొత్త బిల్డింగు లేచింది. నాలుగో అంతస్తులో, బిల్డరిచ్చిన ఫ్లాట్‌లో ఆంటీ స్టవ్ ముందు నిలబడి ఉంది, చేతిలో మొదటి రొట్టె.

"రాళ్ళన్నీ ట్రాక్టర్లలో పట్టుకుపోయారు బేటా. తలలేమైనా దొరికాయా అనడిగాను. ఏమీ లేవన్నారు. మరి ఇన్నేళ్ళూ తిన్నదెవరు?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ గోడని కాపాడగలిగిన కాగితం ఒక్కటే, దాని మీద అబద్ధం గీసింది నేను. చెబుదామని నోరు తెరిచాను.

టక్, టక్.

కొత్త సిమెంటు గోడలోంచే. ఆంటీ గబగబా రొట్టె పట్టుకుని గోడ దగ్గరికెళ్ళింది. పైనుంచి కిందదాకా చేత్తో తడుముతూనే ఉంది. ఆ గోడకి గూడు లేదు.