రోడ్డు చివర నది

మేముండే నోవై ఊళ్ళో అక్టోబరు చలి మొదలవగానే గరాజ్‌లో చిన్న హీటర్ ఒకటి వేస్తాను. వేడి తగలగానే మూలన కొక్కానికి వేలాడుతున్న వేడర్స్‌లోంచి వాసన లేస్తుంది. వేడర్స్ అంటే ఛాతీదాకా తొడుక్కుని నీళ్ళలోకి దిగే రబ్బరు తొడుగు. తడి రబ్బరు, చేప గుడ్లు, నది అడుగున కుళ్ళిన ఆకులు, అన్నీ కలిసిన వాసన అది. "కడిగైనా పెట్టు, లేదా పారేసైనా రా" అని మా ఆవిడ ఏటా ఒకసారి గొడవ పెట్టుకుంటుంది. నేను రెండూ చెయ్యను. అవి నాకు పట్టవు కూడా. అవి విజయ గారివి. ఆవిడ పోయాక ఇది రెండో అక్టోబరు.

విజయ గారు మా బాస్. కార్ల బ్రేకులకి సాఫ్ట్‌వేర్ రాసే టీమ్‌కి మేనేజర్. ఒంగోలు మనిషి. భర్త పోయి చాలా కాలమైంది, ఒక్కతే కూతురు స్రవంతి. ఇక్కడి తెలుగువాళ్ళ పుట్టినరోజు పార్టీల్లో ఆవిడ గురించి చెప్పుకుని నవ్వుకునేవారు. వీకెండ్ వస్తే మనమందరం గుడికో మాల్‌కో వెళ్తాం, ఆవిడ మాత్రం గాలం పట్టుకుని చేపలకి పోతుంది అని. ఆవిడకి ఆ సంగతి తెలుసు. మర్నాడు వండిన సాల్మన్ పులుసు డబ్బాలో పెట్టి, ఎక్కువ నవ్వినవాళ్ళ ఇంటికే ముందు పంపేవారు. పులుసు తిన్న నోటితో మళ్ళీ నవ్వడం కష్టం కదా.

నా వీసా పొడిగింపు ఎక్కడో ఆగిపోయి, నేను ఆఫీసులో పీనుగులా తిరుగుతున్న రోజుల్లో ఆవిడ నన్ను ఓదార్చలేదు. "శనివారం పొద్దున్నే రెడీగా ఉండు శ్రీనూ. చలికి మందంగా వేసుకో" అన్నారు, అంతే. మూడు గంటలు పడమటికి డ్రైవ్ చేశాం. పొలాలు, అడవి, మళ్ళీ పొలాలు. చివరికి ఒక సన్నటి తారు రోడ్డు ఏ మలుపూ లేకుండా నేరుగా వెళ్ళి నది ఒడ్డున ఆగిపోయింది. గేటు లేదు, కాపలా లేదు. రోడ్డు అంచునే మడత కుర్చీలో వాల్ట్ అనే ముసలాయన కూర్చుని ఉన్నాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, చేతిలో గాలం. ఆయన నడవగలిగింది కారు నుంచి ఆ కుర్చీదాకానే.

"ఇక్కడ ఎవర్ని అడగాలండీ?" అన్నాను. అడగకుండా ఎక్కడా అడుగు పెట్టకూడదని అప్పటికి నాకు ఒంట్లో ఇంకిపోయింది.

విజయ గారు పకపకా నవ్వారు. "ఎవర్నీ అడగక్కర్లేదయ్యా. చేపలు పట్టే లైసెన్స్ కొన్నావుగా. అది వాల్ట్‌కీ ఒకటే, నాకూ ఒకటే, నీకూ ఒకటే. రోడ్డు అందరిదీ, నీళ్ళు అందరివీ. అటూ ఇటూ ఒడ్డు మాత్రం ఇళ్ళవాళ్ళది, దాని మీద కాలు పెడితే ట్రెస్‌పాస్. అందుకే ఈ రోడ్డు ఒక్కటే మనకి దిక్కు."

నీళ్ళలో మొదటిసారి సాల్మన్‌ని దగ్గరగా చూశాను. సరస్సులోంచి ఎదురీదుకుంటూ వచ్చి, గుడ్లు పెట్టి చచ్చిపోయే చేప అది. రెక్కలు చిరిగి, ఒళ్ళంతా తెల్లటి మచ్చలతో నా కాళ్ళ దగ్గర కొట్టుకుంటోంది. "పాపం" అన్నాను. "జాలి తర్వాత పడుదువుగానీ, ముందు పక్కకి జరుగు. దాని దారికి అడ్డంగా నిలబడ్డావ్" అన్నారు ఆవిడ. ఆ రోజు నాకు ఒక్క చేపా పడలేదు. కానీ చాలా నెలల తర్వాత ఆ రాత్రి ఒళ్ళు మరిచి నిద్రపోయాను. ఆ తర్వాత కూడా ప్రతి అక్టోబరూ అక్కడికి వెళ్ళాం.

నాలుగో ఏడు ఆ రోడ్డు చివర ఉన్న పెద్ద ఇల్లు అమ్ముడుపోయింది. కొన్నది ఎవరో కాదు, విజయ గారి వియ్యంకుడు, డాక్టర్ రామ్మోహన్ గారు. కూతురి పెళ్ళి అప్పటికి ఏడాది కింద అయింది. ఒకసారి ఆవిడే వాళ్ళందరినీ అక్కడికి పిక్నిక్‌కి తీసుకెళ్ళారు, ఆయనకి చోటు నచ్చింది, వీకెండ్ ఇల్లుగా కొనుక్కున్నారు. మొదట్లో ఆవిడ ఎంత సంబరపడ్డారో! "మా అన్నయ్యగారికి కూడా గాలం పట్టిస్తాను చూడు" అనేవారు. ఆడపిల్ల తల్లి వియ్యంకుణ్ణి అన్నయ్యగారూ అనే పిలుస్తుంది కదా, ఆవిడ ఆ మాటని నిజంగానే అనుకుని అనేవారు.

చేపల కాలం వచ్చేసరికి ఆ ముచ్చట తీరిపోయింది. డాక్టర్ గారి పచ్చికలో బీరు డబ్బాలు, చేపల పేగులు. తలుపు కొట్టి బాత్రూమ్ అడిగేవాళ్ళు కొందరు, అడక్కుండా కంచె దగ్గరే పని కానిచ్చేవాళ్ళు ఇంకొందరు. ఆయన పక్కింటివాళ్ళతో కలిసి టౌన్‌షిప్ బోర్డుకి, అంటే అక్కడి పంచాయతీ లాంటిదానికి, అర్జీ పెట్టారు. ఆ రోడ్డు చివరి ముక్కని పబ్లిక్ రోడ్డు కాకుండా చేసి, అటూ ఇటూ ఉన్న ఇళ్ళకి కలిపేయమని. అది ఒప్పుకుంటే గేటు పడుతుంది. తర్వాత నదిలోకి దిగాలంటే మైళ్ళ అవతల ఉన్న వంతెనే గతి. అక్కడ ఒడ్డు నిటారుగా ఉంటుంది, వాల్ట్ లాంటివాళ్ళు దిగలేరు.

ఆ సెప్టెంబరంతా విజయ గారు ప్రతి శనివారం చెత్త సంచులు పట్టుకుని వెళ్ళి, డాక్టర్ గారి కంచె పొడవునా ఏరుకుంటూ వచ్చారు. నేనూ ఏరాను. గాలం వేసేవాళ్ళని పోగుచేసి, పోర్టబుల్ టాయిలెట్‌కి చందా వేయించారు. డాక్టర్ గారు అర్జీ మాత్రం వెనక్కి తీసుకోలేదు. "మనమేం తక్కువ తిన్నాం శ్రీనూ" అన్నారు ఒకరోజు సంచి మూతి కడుతూ. "ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, మనకో ఇల్లు రాగానే వెనకాల దారి మూసెయ్యాలనిపిస్తుంది. ఆయన్ని అనడం లేదు. మన అందరి సంగతీ."

ఆ అర్జీ మీద హియరింగ్ గురువారం. ఆ శనివారమే స్రవంతి సీమంతం, మామగారింట్లో. సీమంతం కాగానే కూతుర్ని నోవైకి తెచ్చుకుని తొలి పురుడు తన ఇంట్లో పొయ్యాలని విజయ గారు గది సర్దిపెట్టుకున్నారు. ఉయ్యాల తెచ్చారు, గోడలకి రంగు కూడా ఆవిడే వేశారు. గురువారం మేం కారులో వెళ్తుండగా స్రవంతి ఫోన్ చేసింది. స్పీకర్‌లో ఉంది కాబట్టి నేనూ విన్నాను.

"అమ్మా, ప్లీజ్. నువ్వు వెళ్ళకు. వేరేవాళ్ళు మాట్లాడతారు కదా. ఇక్కడ అందరూ అప్‌సెట్‌గా ఉన్నారు."

"వేరేవాళ్ళు తిడతారే. నేను తిట్టను. నేను మాట్లాడితేనే మీ మామగారికి మంచిది."

"నువ్వు నా గురించి థింక్ చేయట్లేదు అమ్మా."

"నీ గురించి తప్ప ఈ నెలంతా దేని గురించీ ఆలోచించలేదు తల్లీ" అన్నారు. స్రవంతి ఫోన్ పెట్టేసింది. వెనక్కి తిప్పమంటారేమోనని నేను కారు నెమ్మది చేశాను. ఆవిడ తిప్పమనలేదు.

టౌన్‌షిప్ హాల్లో ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు. ముందు పేరు, ఊరు చెప్పాలి. సిటిజన్లు కానివాళ్ళు కూడా మాట్లాడొచ్చని నాకు ఆ రోజుదాకా తెలియదు. డాక్టర్ గారు ముందు వరసలో కూర్చున్నారు. విజయ గారు మైకు ముందు నిలబడి ఇంగ్లీషులో చెప్పిన మాటలు తెలుగులో రాస్తున్నాను. "రోడ్డు చివరి ఇంటి డాక్టర్ గారు మంచివారు. ఆయన చెప్పిన ఇబ్బందులన్నీ నిజం, నా కళ్ళతో చూశాను, నా చేతులతో ఎత్తాను. మా వాళ్ళ తరఫున క్షమాపణ అడుగుతున్నాను. ఆయన నా కూతురి మామగారు. ఆ సంగతి దాచిపెట్టి మీ ముందు మాట్లాడటం న్యాయం కాదు. అయినా ఈ దారి మూయవద్దని అడగడానికి వచ్చాను. నదికి వెళ్ళే దారి ఒక ఇంటిదైతే నది కూడా ఆ ఇంటిదే అవుతుంది."

ఆవిడ లెక్క ఆఫీసు లెక్క. ఏ మీటింగ్‌లోనైనా మనకి సంబంధం ఉన్న విషయమైతే ముందే చెప్పేయాలి, అదే నిజాయితీ. కానీ డాక్టర్ గారి మొహం నేను చూశాను. నల్లబడిపోయింది. ఊరందరి ముందు వియ్యపురాలు తన పేరుకి చుట్టరికం తగిలించి ఎదురు తిరిగింది, ఆయనకి వినపడింది అదొక్కటే. ఇంటి గుట్టు లంకకు చేటు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. బోర్డు ఒక్క ఓటు తేడాతో దారి మూసేసింది. వాల్ట్ మాత్రం తన కుర్చీలోంచి ఆవిడకి చెయ్యెత్తి దణ్ణం లాంటిది పెట్టాడు. ఆయన మళ్ళీ గాలం వేయలేదని తర్వాత తెలిసింది.

సీమంతానికి ఆవిడ గాజులు, చీర, చలిమిడి అన్నీ పట్టుకుని వెళ్ళారు. ఎవరూ ఒక్క మాట తూలలేదట. కుర్చీ వేశారు, వడ్డించారు. బయల్దేరేటప్పుడు డాక్టర్ గారి భార్య గుమ్మందాకా వచ్చి, "పురుడు ఇక్కడే పోస్తాం వదినగారూ. మీకు మీటింగులుంటాయి కదా, ఇబ్బంది పెట్టడం ఎందుకు" అందట. సోమవారం ఆఫీసులో కాఫీ కలుపుతూ ఇదంతా నాకు చెప్పి, "స్రవంతి తల దించుకుని గాజులు చూసుకుంటోంది శ్రీనూ" అన్నారు. కాఫీ తాగకుండానే కప్పు సింక్‌లో ఒంపేశారు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఒక వీడియో వచ్చిపడింది. టౌన్‌షిప్ మీటింగులు రికార్డ్ చేసి వెబ్‌సైట్‌లో పెడతారు. ఎవరో అందులోంచి ఒక ముక్క కత్తిరించి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో వదిలారు. "ఆయన నా కూతురి మామగారు" దగ్గర మొదలవుతుంది ఆ ముక్క. వియ్యంకుడి పరువు బజారుకీడ్చిందని ఒకరు, కోర్టుకెక్కిందని ఇంకొకరు. పూర్తి వీడియో స్రవంతికి పంపించనా అని నేను రెండుసార్లు అడిగాను. "వద్దు" అన్నారు విజయ గారు. "అమ్మ ఎలాంటిదో నా కూతురు వీడియో చూసి తెలుసుకోవాలా?" అంత అభిమానం మంచిది కాదని ఆవిడకి చెప్పేటంత ధైర్యం ఎవరికుంది?

మనవడు పుట్టాడు. ఆవిడ బారసాలకి చుట్టంలా వెళ్ళి చుట్టంలా వచ్చారు. ఆ వేసవిలో కడుపునొప్పి అని వెళ్తే క్యాన్సర్ అన్నారు, అప్పటికే ముదిరిపోయింది. చివరి వారాల్లో స్రవంతి పిల్లాణ్ణి తీసుకుని వచ్చింది. మందులు వేళకి ఇచ్చేది, దిండ్లు సర్దేది, థాంక్యూ అంటే యువార్ వెల్‌కమ్ అనేది. ఒకరోజు నేను వెళ్ళినప్పుడు విజయ గారు నా చెయ్యి పట్టుకుని, "పోట్లాడితే బాగుండు. నా కూతురు నాతో మర్యాదగా ఉంటోంది శ్రీనూ" అన్నారు. వారం తిరక్కుండానే ఆవిడ పోయారు.

మరుసటి మార్చిలో అస్థికలు కలపడానికి స్రవంతి నన్ను తోడు రమ్మంది. ఆ రోడ్డు చివరికే వెళ్ళాం. మంచు ఇంకా కరగలేదు. తారు మీద అడ్డంగా నల్ల ఇనప గేటు, పక్కన అంకెల మీటలు. స్రవంతి కోడ్ నొక్కింది. గేటు తెరుచుకుంది. కలశం చేతిలో పట్టుకుని ఆ అమ్మాయి చాలాసేపు అక్కడే నిలబడింది.

"అమ్మ ఇక్కడికి గెస్ట్‌లాగా రాదు అన్నా" అని, మళ్ళీ మీట నొక్కి గేటు మూసేసింది.

వంతెన దగ్గరికి వెళ్ళాం. నిటారు ఒడ్డు, జారుడు మంచు. చెట్ల వేళ్ళు పట్టుకుంటూ, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుంటూ దిగాం. నీళ్ళలో బూడిద కలిపాక స్రవంతి అక్కడే రాళ్ళ మీద కూలబడిపోయింది. "ఫుల్ వీడియో నిన్న చూశాను అన్నా. ఫస్ట్ థింగ్, మంచివారు అంది. సారీ కూడా చెప్పింది. నాకెవరూ చెప్పలేదు. అమ్మ కూడా చెప్పలేదు." ఏడుస్తున్న ఆ పిల్ల పక్కనే రాళ్ళ మీద కూర్చున్నాను. నేనూ ఏడ్చాను.

ఆవిడ నుంచి నాకు మిగిలింది గాలం వేయడం కాదు, అది నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు. నదికి దారి మూస్తున్నారని ఎక్కడ వినపడినా వెళ్ళి పేరు ఇస్తాను. మైకు ముందు ముందుగా ఇళ్ళవాళ్ళ కష్టం చెప్తాను, వాళ్ళకన్నా వివరంగా చెప్తాను. తర్వాతే మా కష్టం. ఇంతవరకు దాదాపు అన్నీ ఓడిపోయాం. తిరిగొచ్చేటప్పుడు మూడు గంటల డ్రైవ్‌లో విజయ గారి మీద నిజంగానే కోపమొస్తుంది. అవతలివాళ్ళ బాధ చూడటం నేర్పారు, గెలవడం మాత్రం ఆవిడకీ రాలేదు.

ఇప్పుడు ఆ రోడ్డునే మళ్ళీ తెరవమని మేం అర్జీ పెట్టాం. వచ్చే నెల హియరింగ్. నిన్న స్రవంతి ఫోన్ చేసి మాట్లాడేవాళ్ళలో తన పేరు కూడా రాయమంది. "వద్దమ్మా. అదే ఇంట్లో ఉంటున్నావు, చిన్నపిల్లాడున్నాడు. నువ్వు వాడికి అమ్మవి" అన్నాను.

"అమ్మ కూడా అమ్మే కదా అన్నా" అంది.

రాశాను. నా పేరు కింద తన పేరు. హియరింగ్ రోజు రాత్రి మీటింగ్ అయ్యాక ఆ అమ్మాయి ఏ ఇంటికి వెళ్తుందో నాకు తెలియదు. మా ఆవిడ నేను చెప్పకుండానే పైగదిలో పక్కలు సర్దుతోంది.