స్వామివారి గుగ్గిళ్లు, సోమయాజులుగారి మోకాళ్లు

ఖరగ్‌పూర్‌లో మా రాముడి గుడి పూజారి సోమయాజులుగారు అబద్ధం ఆడరు. చిక్కంతా అక్కడే వచ్చింది.

పోయిన ఏడాది శ్రీరామనవమి కల్యాణం అయ్యాక ఆయన పీట మీంచి లేవలేకపోయారు. నేనూ, బట్టల కొట్టు గోపీ చెరో రెక్క పట్టుకుని లేపాం. గుడి కమిటీ అధ్యక్షుడు గణపతిరావు రైల్వే ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు గాని, ఆయన హోదా ఇంకా రిటైర్ కాలేదు. అక్కడికక్కడే తీర్మానం చేసేశాడు.

"పంతులుగారూ, మీరు లెగలేకపోతన్నారు. వచ్చేసారి కుర్చీ వేయిస్తాం. కుర్చీ వద్దంటే టాటానగర్ నుంచి కుర్ర పంతుల్ని పిలిపిస్తాం."

సోమయాజులుగారి మొహం మాడిపోయింది. తండ్రి పోయిన దగ్గర్నుంచి ఆ కల్యాణం ఆయనే చేయిస్తున్నారు. రాముడు పీట మీద ఉంటే తాను కుర్చీ మీద కూర్చోవడం ఆయన వల్ల కాదు. అంటే కల్యాణం చేయి జారిపోయినట్టే. ఆ పూట దిగులుతో అన్నం ముట్టలేదట. ప్రసాదం మాత్రం తిన్నారట.

మర్నాడే భార్య సరోజాదేవి ఆయన్ని సుభాష్‌పల్లిలో డాక్టర్ ఎవాంజలిన్ దగ్గరికి తీసుకెళ్లింది. నాకూ బీపీ చూపించుకోవలసి ఉండి వెంట వెళ్లాను. డాక్టరమ్మ మన తెలుగు పిల్లే. షుగర్ రిపోర్టు చూసి నుదురు ముడిచింది.

"పంతులుగారూ, రోజంతా ఏటి తింటన్నారు?"

"పొద్దున్న కాఫీ. మధ్యాహ్నం పిడికెడు అన్నం, పప్పు, కూర. రాత్రి రెండు రొట్టెలు."

"ఇంకేటీ లేదా?"

"లేదమ్మా."

ఆమె రిపోర్టు మీద పేరు మళ్లీ చదివింది, ఇంకెవరిదో వచ్చిందేమోనని. సరోజాదేవి ఇక ఉండబట్టలేకపోయింది.

"ప్రసాదం సంగతి చెప్పండి."

"అది తిండేటి?" అన్నారు సోమయాజులుగారు. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు.

అప్పుడు బయటపడింది అసలు కథ. శుక్రవారం చక్కెర పొంగలి, శనివారం పులిహోర. ఎవరు కొత్త బండి కొన్నా పూజకి లడ్డూ పెట్టె. బెంగాలీ దీదీలు భక్తిగా తెచ్చే సందేశ్ మిఠాయి. ఎవరు పెట్టినా కాదనడం అపచారం కాబట్టి కాదనరు. తిండి కాదు కాబట్టి లెక్కలోకి రాదు. ఇక నడకంటారా, మా ఊళ్లో టోటో అని పిలిచే బ్యాటరీ రిక్షాల వాళ్లు ఆయన్ని నడవనివ్వరు. "ఠాకూర్‌మొశాయ్, ఆషున్" అని బెంగాలీలో రమ్మంటూ పక్కనే ఆపి ఎక్కించుకుంటారు.

"మందులు మానకండి," అంది డాక్టరమ్మ. "తీపి, అన్నం తగ్గించి పప్పులూ కూరలూ పెంచండి. రోజూ నడవండి. కింద కూర్చుని లెగడం మానేస్తే మోకాళ్లు ఆ పనే మరిచిపోతాయి. మెల్లగా అలవాటు చేసుకోండి, నొప్పెక్కువైతే ఆపీండి."

"మరి ప్రసాదం?"

"ఆ మాట నేను చెప్తే బాగోదు పంతులుగారూ. అమ్మగారు చెప్తారు."

అమ్మగారు నోటితో చెప్పలేదు. గుడిలో నైవేద్యం వండేది ఆవిడే. ఆ శనివారం పులిహోర కోసం నేను దోసిలి పట్టాను. పెసల గుగ్గిళ్లు పడ్డాయి. నేను పొరపాటున వేరే గుడికి వచ్చానేమోనని తలెత్తి చూశాను. రాముడు మా రాముడే. నాకు ఏడుపొచ్చింది. వారమంతా ఆ పులిహోర కోసం ఎదురుచూసేవాణ్ణి మరి.

గణపతిరావు ఊరుకుంటాడా? "స్వామికి పథ్యం పెడతన్నారేటమ్మా?" అని నిలదీశాడు.

"గుగ్గిళ్లు నైవేద్యానికి పనికిరావని ఆయన చేత చెప్పించండి. రేపే మానేస్తాను," అంది సరోజాదేవి.

అందరం సోమయాజులుగారి వైపు చూశాం. ఆయన పాపం ఒక్క అబద్ధం ఆడితే చాలు, పులిహోర తిరిగొచ్చేది.

"శాస్త్రంలో అభ్యంతరం లేదు," అన్నారు నీరసంగా.

ఆ తర్వాత బొబ్బర్లు, శనగలు, వడపప్పు, దోసకాయ ముక్కలు వంతులేసుకుని వచ్చాయి. పులిహోర పండగలకే పరిమితమైంది. భక్తులు తెచ్చిన మిఠాయిలో ఆయన చిటికెడు కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటే, మిగిలింది ఆవిడ అక్కడే అందరికీ పంచేసేది.

నడక సంగతి కూడా ఆవిడే తేల్చింది. అంతవరకూ ఆయన గుడికి వచ్చాక మడి పంచె కట్టుకునేవారు. ఆవిడ ఆ పంచెని ఇంటి దండెం మీదికి మార్చింది. మడి కట్టుకుని ఇంట్లోంచి బయల్దేరిన మనిషి టోటో ఎలా ఎక్కుతాడు? ఎవరు ముట్టుకున్నా మళ్లీ స్నానమే. టోటో పక్కన ఆగినప్పుడల్లా ఆయన ఆ మెత్తటి సీటు కేసి దిగులుగా చూసి, "ఛూయో నా, దాదా" అని, ముట్టుకోవద్దంటూ దూరం జరిగేవారు. తిరిగొచ్చేటప్పుడు మడి లేదు గాని, పక్కన ఆవిడ నడుస్తోంది. భార్యని నడిపించి తానొక్కడూ ఎక్కితే ఊరు ఏమంటుంది?

గుడి వసారాలో కూర్చుని లేవడం మొదలుపెట్టారు. మొదట్లో స్తంభాన్ని కావలించుకుని లేచేవారు, తర్వాత గోడ మీద చెయ్యి ఆనించి. "ఇదేటి తపస్సు?" అని గణపతిరావు వేళాకోళం చేసేవాడు.

ఈ ఏడాది నవమి వచ్చింది. కల్యాణానికి గణపతిరావు దంపతులే పీటల మీద కూర్చున్నారు. అయినా ఆయన ముందుచూపుతో ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి స్తంభం పక్కన వేయించాడు. టాటానగర్ పంతులు ఫోన్ నంబరు కూడా జేబులో ఉందని నాతో అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

సోమయాజులుగారు కిందే కూర్చుని మంత్రాలు, మంగళసూత్రం, తలంబ్రాలు అన్నీ కానిచ్చారు. హారతి వేళ అయింది. ఇప్పుడు లేవాలి. నేనూ గోపీ అలవాటుగా ముందుకు వెళ్లాం. సరోజాదేవి కళ్లతోనే మమ్మల్ని ఆపేసింది. ఆయన ఒక కాలు ముందుకు పెట్టి, తొడ మీద చెయ్యి వేసుకుని, "రామా" అని లేచి నిలబడ్డారు. ఎవరూ పట్టుకోలేదు. ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది.

హారతి పళ్లెం గణపతిరావు దగ్గరికి వచ్చింది. ఆయన లేవలేదు. లేవబోయి, మళ్లీ కూలబడి, భార్య వైపు చూశాడు. ఆవిడ ఎప్పుడో లేచి నిలబడింది.

సోమయాజులుగారు నా వైపు తిరిగి, "ఆ కుర్చీ ఇలా తెండి," అన్నారు మెల్లగా.

నేనూ గోపీ చెరో రెక్క పట్టుకుని గణపతిరావుని అందులో కూర్చోబెట్టాం. ఆయన కాసేపు మోకాళ్లు రాసుకున్నాడు. సరోజాదేవి వడపప్పు పంచుతూ దగ్గరికి రాగానే తలెత్తి చెయ్యి చాచాడు.

"ఇంకొంచెం వెయ్యమ్మా. రేపు ఏ గుగ్గిళ్లు?"